విద్యుత్ క్షేత్రంలో కణం పొర: ల్యాప్‌టాప్‌లో మోడల్ కట్టడం, సరిచూసుకోవడం ఎలా?

జీవకణాన్ని విద్యుత్ క్షేత్రంలో పెడితే దాని పొర మీద ఎంత వోల్టేజీ పడుతుంది? పొరలో రంధ్రాలు ఎప్పుడు పడతాయి? దీన్ని కంప్యూటర్‌లో ఎలా లెక్కించాలి? ఈ మూడు ప్రశ్నలు నాకు తరచూ వస్తుంటాయి. అడిగినవాళ్లలో చాలామంది అప్పటికే పెద్ద సాఫ్ట్‌వేర్ తెరిచి, గుండ్రటి కణం గీసి, 5 నానోమీటర్ల పొరకు మెష్ (లెక్క కోసం ఆకారాన్ని చిన్న ముక్కలుగా విడగొట్టే వల) వేయబోయి ఇరుక్కుపోయి ఉంటారు. మరికొందరికి రంగురంగుల బొమ్మ వచ్చేసింది, కానీ అది నిజమో కాదో తేల్చుకోలేక టెన్షన్ పడుతుంటారు.

ఈ రెండో ఇబ్బందే అసలైనది. అందుకని ఇక్కడ చెప్పే మోడల్‌లో ప్రతి మెట్టు దగ్గరా కాగితం మీద ముందే తెలిసిన ఒక సంఖ్య ఉంటుంది. ఆ సంఖ్య రాకపోతే తర్వాతి మెట్టుకు వెళ్లొద్దు. మెష్ అక్కర్లేదు, ఖరీదైన సాఫ్ట్‌వేర్ అక్కర్లేదు. గోళాకారపు కణం ఒక్కటి, పల్స్ (క్షేత్రాన్ని కొద్దిసేపు పెట్టి తీసేయడం) ఒక్కటి, అంతే.

కావలసినవి

పైథాన్ ప్రోగ్రామింగ్ భాష, అందులో లెక్కల లైబ్రరీలైన నమ్‌పై, సైపై. గ్రాఫులకు మీకు అలవాటైనది ఏదైనా సరే. ఆక్టేవ్‌లోనూ ఇదంతా చేయవచ్చు. ఒక కాగితం, కాలిక్యులేటర్ దగ్గర పెట్టుకోండి. వాటి అవసరం మొదటి మెట్టులోనే పడుతుంది.

మొదలుపెట్టడానికి ఈ విలువలు తీసుకోండి. అన్నీ ఎస్ఐ యూనిట్లలోనే రాసుకోండి.

- కణం వ్యాసార్థం: 10 మైక్రోమీటర్లు, అంటే 10⁻⁵ మీటర్లు
- పొర మందం: 5 నానోమీటర్లు
- పొర కెపాసిటెన్స్: చదరపు మీటరుకు 0.01 ఫారడ్
- పొర లీకేజీ వాహకత: చదరపు మీటరుకు 2 సీమెన్స్
- కణం లోపలి ద్రవం వాహకత: మీటరుకు 0.3 సీమెన్స్
- బయటి ద్రవం వాహకత: మీటరుకు 1.2 సీమెన్స్
- విశ్రాంతి వోల్టేజీ (క్షేత్రం లేనప్పుడు పొర మీద ఉండేది): మైనస్ 70 మిల్లీవోల్టులు
- విద్యుత్ క్షేత్రం: సెంటీమీటరుకు 1 కిలోవోల్టు, అంటే మీటరుకు 1,00,000 వోల్టులు

చివరి వరుసను ఇంకోసారి చదవండి. పరిశోధన పత్రాల్లో క్షేత్రాన్ని సెంటీమీటరుకు వోల్టుల్లో రాస్తారు, ప్రోగ్రామ్‌కు మీటరుకు వోల్టుల్లో కావాలి. జవాబు వంద రెట్లు తేడాగా వస్తే మొదట చూడాల్సిన చోటు ఇదే.

మెట్టు 1: ముందు కాగితం మీద లెక్క

పొర దాదాపు ఇన్సులేటర్. అందుకని క్షేత్రం వల్ల పొర మీద అదనంగా పడే వోల్టేజీ గోళానికి ఇలా వస్తుంది: 1.5 × క్షేత్రం × వ్యాసార్థం × కోణపు కొసైన్. దీన్ని ష్వాన్ సూత్రం అంటారు. కోణాన్ని క్షేత్రపు దిశ నుంచి కొలవాలి.

మన విలువలతో ధ్రువాల (క్షేత్రపు దిశలో కణానికి రెండు చివరల) దగ్గర ఇది 1.5 వోల్టులు. కణం నడుము దగ్గర సున్నా. 1.5 వోల్టులంటే చిన్నగా అనిపించవచ్చు, కానీ అది పడేది 5 నానోమీటర్ల మందం మీద. పొర లోపలి క్షేత్రం మీటరుకు 30 కోట్ల వోల్టులన్నమాట. మీరు బయట పెట్టిన దానికి 3,000 రెట్లు. పొర చిరగడానికి కారణం అదే.

ఈ వోల్టేజీ వెంటనే రాదు, పొర కెపాసిటర్‌లా ఛార్జ్ అవుతుంది. దానికి పట్టే కాలస్థిరాంకం: వ్యాసార్థం × కెపాసిటెన్స్ × (లోపలి వాహకతకు విలోమం + బయటి వాహకతను రెట్టింపు చేసి తీసిన విలోమం). మన విలువలతో 0.375 మైక్రోసెకన్లు. బయటి ద్రవాన్ని తక్కువ వాహకత ఉన్న బఫర్‌గా, మీటరుకు 0.01 సీమెన్స్‌గా మారిస్తే అదే కణానికి 5.3 మైక్రోసెకన్లు అవుతుంది. ఏ పల్స్ ఎంత పొడవుండాలో ఈ ఒక్క లెక్కే చాలావరకు చెప్పేస్తుంది.

1.5, 0.375. ఈ రెండు సంఖ్యలనూ కాగితం మీద పెద్దగా రాసి పెట్టుకోండి.

మెట్టు 2: గుర్తులు తేల్చుకోండి

పొర వోల్టేజీ అంటే లోపలి పొటెన్షియల్‌లోంచి బయటి పొటెన్షియల్ తీసేస్తే వచ్చేది. క్షేత్రం ఆనోడ్ (ప్లస్ ఎలక్ట్రోడ్) నుంచి కాథోడ్ (మైనస్ ఎలక్ట్రోడ్) వైపు ఉంటుంది. అప్పుడు కాథోడ్ వైపున్న ధ్రువంలో అదనపు వోల్టేజీ ప్లస్ 1.5, ఆనోడ్ వైపు మైనస్ 1.5. విశ్రాంతి వోల్టేజీని కలిపితే కాథోడ్ వైపు 1.43, ఆనోడ్ వైపు మైనస్ 1.57. అంటే ఆనోడ్ వైపు పొర మీదే ఒత్తిడి ఎక్కువ, రంధ్రాలు ముందు అక్కడే మొదలవ్వాలి. మీ మోడల్‌లో కాథోడ్ వైపు ముందు మొదలైతే ఎక్కడో ఒక మైనస్ గుర్తు తప్పింది.

మెట్టు 3: పొరను బిందువులుగా, బహుపదులుగా విడగొట్టండి

గోళం కాబట్టి మెష్ బదులు లెజాండ్ర్ బహుపదులు వాడదాం. పద్ధతి ఇది.

మొదట, కోణపు కొసైన్‌ను మైనస్ 1 నుంచి ప్లస్ 1 వరకు 60 గాస్ బిందువులుగా తీసుకోండి. నమ్‌పైలో లెగ్‌గాస్ అనే ఫంక్షన్ బిందువులనూ వాటి బరువులనూ ఇస్తుంది. బరువుల మొత్తం కచ్చితంగా 2 రావాలి.

తర్వాత, ప్రతి బిందువు దగ్గర పొర వోల్టేజీని 0 నుంచి 59 దాకా ఉన్న లెజాండ్ర్ పదాలుగా విడగొట్టండి. ఏ పదం గుణకమైనా ఇలా వస్తుంది: బరువు, బహుపది విలువ, వోల్టేజీ మూడింటినీ గుణించి, అన్ని బిందువులకూ కూడి, ఆ మొత్తాన్ని (2 × పదసంఖ్య + 1) ÷ 2 తో గుణించాలి. ఈ చివరి గుణకారాన్ని చాలామంది మరిచిపోతారు. సరిచూడడం తేలిక: వోల్టేజీ స్థానంలో కొసైన్‌నే పెట్టండి. ఒకటో పదం 1, మిగతావన్నీ సున్నా రావాలి.

ఇక ప్రతి పదానికీ పొర గుండా లోపలి నుంచి బయటికి వెళ్లే కరెంటు సాంద్రతను రాయాలి. లోపలా బయటా ఉన్న ద్రవం ఒక నిరోధంలా పనిచేస్తుంది. ఆ నిరోధం: వ్యాసార్థం × [1 ÷ (పదసంఖ్య × లోపలి వాహకత) + 1 ÷ ((పదసంఖ్య + 1) × బయటి వాహకత)]. ఒకటో పదానికి కరెంటు = (1.5 × క్షేత్రం × వ్యాసార్థం − ఆ పదపు వోల్టేజీ) ÷ నిరోధం. రెండో పదం నుంచి క్షేత్రం భాగం ఉండదు, మైనస్ వోల్టేజీని నిరోధంతో భాగిస్తే చాలు.

సున్నా పదాన్ని మాత్రం విడిగా చూడాలి. కణంలోకి వెళ్లినంత కరెంటు బయటికి రావాలి కాబట్టి దాని కరెంటు సున్నా. సూత్రంలో పెడితే సున్నాతో భాగహారం వచ్చి ప్రోగ్రామ్ ఆగిపోవచ్చు, అందుకని సున్నా అని చేత్తో రాసేయండి.

ఒకటో పదపు నిరోధాన్ని కెపాసిటెన్స్‌తో గుణించి చూడండి, మొదటి మెట్టులోని 0.375 మైక్రోసెకన్లు అచ్చంగా వస్తుంది. ఇంత చిన్న సమీకరణంలో భౌతికశాస్త్రం ఇంత శుభ్రంగా ఇమిడిపోవడం నాకు ఇప్పటికీ ఇష్టమైన విషయం.

మెట్టు 4: రంధ్రాలు లేకుండా నడపండి

ప్రతి బిందువు దగ్గరా సమీకరణం ఒకటే: కెపాసిటెన్స్ × వోల్టేజీ మారే రేటు = పొర గుండా వెళ్లే మొత్తం కరెంటు − లీకేజీ కరెంటు. మొత్తం కరెంటు అంటే మూడో మెట్టులోని ఒక్కో పదపు కరెంటునూ ఆ బిందువు దగ్గరి బహుపది విలువతో గుణించి, అన్నీ కూడితే వచ్చేది. లీకేజీ అంటే లీకేజీ వాహకత × (వోల్టేజీ − విశ్రాంతి వోల్టేజీ).

మైనస్ 70 మిల్లీవోల్టుల దగ్గర మొదలుపెట్టి 5 మైక్రోసెకన్లు నడపండి. చివర్లో కాథోడ్ ధ్రువం 1.43, ఆనోడ్ ధ్రువం మైనస్ 1.57 చూపించాలి. గాస్ బిందువులు సరిగ్గా ధ్రువం మీద ఉండవు కాబట్టి కొద్దిపాటి తేడా సహజం. వోల్టేజీని కొసైన్‌కు గ్రాఫ్ గీస్తే వంపు లేని తిన్నని గీత రావాలి. మార్పులో 63 శాతం 0.375 మైక్రోసెకన్ల దగ్గర పూర్తవ్వాలి. ఒక శాతం కన్నా ఎక్కువ తేడా ఉంటే ఇక్కడే ఆగి తప్పు వెతకండి.

ఇదే పనిని ఫైనైట్ ఎలిమెంట్ (మెష్ వేసి లెక్కించే) సాఫ్ట్‌వేర్‌లో చేస్తున్నవాళ్లు కూడా ఈ మెట్టు తప్పక చేయాలి. వాళ్లకు వచ్చే తప్పు గుణకాన్ని చూసి తప్పు ఏమిటో చాలాసార్లు చెప్పేయవచ్చు:

- 1.5 బదులు 2 వస్తే: మీరు గీసింది గోళం కాదు, అడ్డంగా పడుకున్న స్థూపం. మామూలు ద్విపరిమాణ మోడల్‌లో వృత్తం గీస్తే సాఫ్ట్‌వేర్ దాన్ని అనంతమైన స్థూపంగా తీసుకుంటుంది. అక్షం చుట్టూ తిప్పే ఎంపిక వేరే ఉంటుంది, అది వాడండి. ఈ తప్పు మీద నేను ఒకప్పుడు చాలా రోజులు పోగొట్టుకున్నాను, ఎందుకంటే 2 కూడా చూడడానికి మంచి సంఖ్యలాగే ఉంటుంది.
- 3 వస్తే: వ్యాసార్థం బదులు వ్యాసం పెట్టారు.
- 1.47 లాంటిది వస్తే: పెట్టె చిన్నదైంది. భుజం వ్యాసార్థానికి 5 రెట్లే ఉన్న ఘనంలో కణాన్ని పెడితే జవాబు సుమారు 1.6 శాతం తగ్గుతుంది, 10 రెట్లుంటే 0.2 శాతమే.
- అసలు వోల్టేజీ తేడాయే రాకపోతే: లోపలా బయటా పొటెన్షియల్ ఒకటే చలరాశిగా ఉండి, పొర దగ్గర తెగకుండా సాగిపోతోంది.

ఆ సాఫ్ట్‌వేర్లలో 5 నానోమీటర్ల పొరను నిజంగా గీయకండి. వ్యాసార్థానికీ మందానికీ 2,000 రెట్లు తేడా, మెష్ పేలిపోతుంది. పొరను మందం లేని సరిహద్దుగా పెట్టి, దానికి కెపాసిటెన్స్, వాహకత ఇవ్వండి. వాటిలో ఒకటైన కామ్‌సాల్‌లో దీనికి కాంటాక్ట్ ఇంపీడెన్స్ అనే ఎంపిక ఉంది.

మెట్టు 5: రంధ్రాలను చేర్చండి

న్యూ, క్రాసోవ్‌స్కా 1999లో ఇచ్చిన సమీకరణం వాడదాం. చదరపు మీటరుకు ఎన్ని రంధ్రాలున్నాయో అది లెక్కిస్తుంది. మాటల్లో ఇలా ఉంటుంది. పొర వోల్టేజీని 0.258 వోల్టులతో భాగించి వర్గం చేయండి. దీన్ని ఒత్తిడి పదం అందాం. రంధ్రాల సంఖ్య మారే రేటు = 10⁹ × ఎక్స్‌పొనెన్షియల్ (ఒత్తిడి పదం) × [1 − రంధ్రాల సంఖ్య ÷ సమతాస్థితి సంఖ్య]. సమతాస్థితి సంఖ్య = 1.5 × 10⁹ × ఎక్స్‌పొనెన్షియల్ (2.46 × ఒత్తిడి పదం).

ఒక్కో రంధ్రం కరెంటును ఎంత పోనిస్తుంది? 0.76 నానోమీటర్ల వ్యాసార్థంతో స్థూపాకారపు రంధ్రం అనుకుని, లోపలి బయటి వాహకతలకు మధ్యగా మీటరుకు 0.6 సీమెన్స్ తీసుకోండి. వాహకత × రంధ్రం వైశాల్యం ÷ (పొర మందం + 1.57 × రంధ్రం వ్యాసార్థం) చేస్తే సుమారు 0.18 నానోసీమెన్స్ వస్తుంది. దీన్ని రంధ్రాల సంఖ్యతోనూ వోల్టేజీతోనూ గుణించి నాలుగో మెట్టు సమీకరణంలో లీకేజీ పక్కన చేర్చండి.

ఇక్కడ మూడు జాగ్రత్తలు, మూడూ ముఖ్యమే.

మొదటిది, ఈ సమీకరణం ఎంత నిటారుగా లేస్తుందో గమనించండి. వోల్టేజీ 0.5 నుంచి 1 వోల్టుకు పెరిగితే రంధ్రాలు పుట్టే రేటు సుమారు 78,000 రెట్లు పెరుగుతుంది. మామూలు రుంగే-కుట్టా పద్ధతి ఇక్కడ నత్తనడక నడుస్తుంది, లేదా విలువలు అనంతానికి పోతాయి. సైపైలో కాలంతో మారే సమీకరణాలను సాధించే సాల్వ్ ఐవీపీ అనే ఫంక్షన్‌కు (సాల్వర్‌కు) బీడీఎఫ్ పద్ధతి చెప్పండి.

రెండోది, రంధ్రాల సంఖ్య 10⁹ నుంచి 10¹⁴ దాటి పోతుంది, వోల్టేజీ మాత్రం 1 చుట్టూ ఉంటుంది. రెండింటికీ ఒకే టాలరెన్స్ (ఎంత తేడాను సహించాలన్న హద్దు) పెడితే సాల్వర్ అయోమయంలో పడుతుంది. రంధ్రాల సంఖ్య బదులు దాని సహజ లాగరిథమ్‌ను చలరాశిగా తీసుకోండి. సంఖ్య రుణాత్మకం కావడమన్న బెడద కూడా దాంతో పోతుంది.

మూడోది, పల్స్ మొదలయ్యే చోటా ముగిసే చోటా సాల్వర్‌ను ఆపి, కొత్తగా మొదలుపెట్టండి. పల్స్‌కు ముందు విరామం పెట్టి ఒకే పరుగులో నడిపితే, ఆ ప్రశాంత సమయంలో సాల్వర్ అడుగులు పెద్దవి చేసుకుంటూ పోయి పల్స్‌ను మొత్తంగా దాటేయగలదు. ఎర్రర్ ఏమీ రాదు, ఏమీ జరగనట్టు చక్కటి గ్రాఫ్ వస్తుంది.

మెట్టు 6: నాలుగు పరుగులు, నాలుగు జవాబులు

క) క్షేత్రం సున్నా. విశ్రాంతి వోల్టేజీ దగ్గరి సమతాస్థితి సంఖ్యతో మొదలుపెడితే రంధ్రాల సంఖ్య చదరపు మీటరుకు 1.8 × 10⁹ దగ్గర నిలవాలి. కణం మొత్తం మీద ఇది రెండు రంధ్రాలకు కాస్త ఎక్కువ, అంతే. 100 మైక్రోసెకన్లలో విశ్రాంతి వోల్టేజీ కదిలినట్టే కనిపించదు. కానీ 20 మిల్లీసెకన్లు నడిపితే మైనస్ 70 నుంచి మైనస్ 60 మిల్లీవోల్టులకు జారుతుంది. భయపడొద్దు, అది మీ ప్రోగ్రామ్ తప్పు కాదు. తక్కువ వోల్టేజీలో సన్నని రంధ్రం అయాన్లను ఎంతగా అడ్డుకుంటుందో మన తేలిక సూత్రం లెక్కలోకి తీసుకోలేదు, అందుకని రంధ్రాల లీకేజీ కాస్త ఎక్కువగా వస్తోంది. మైక్రోసెకన్ల పల్స్‌కు ఇది పట్టించుకోనక్కర్లేదు. విశ్రాంతి వోల్టేజీయే మీ ప్రశ్న అయితే ఆ అడ్డంకి పదం చేర్చాల్సిందే.

ఖ) సెంటీమీటరుకు 500 వోల్టులు, 100 మైక్రోసెకన్లు. ధ్రువం దగ్గర అదనపు వోల్టేజీ 0.75 మాత్రమే. లెక్కలోకి వచ్చేన్ని రంధ్రాలు పుట్టకూడదు, గ్రాఫ్ నాలుగో మెట్టులోలాగే తిన్నని గీతగా ఉండాలి.

గ) సెంటీమీటరుకు 1,000 వోల్టులు, 100 మైక్రోసెకన్లు. అసలు విషయం ఇక్కడ కనిపిస్తుంది. మొదటి మైక్రోసెకనులో ధ్రువాల వోల్టేజీ 1.3, 1.5 మధ్యకు ఎగబాకి, అక్కడి నుంచి కిందికి దిగుతుంది. రంధ్రాలు పొరను వాహకంగా మార్చేశాయి కాబట్టి ఆ వోల్టేజీని అది ఇక నిలుపుకోలేదు. గ్రాఫ్‌లో కొసైన్ గీత రెండు చివరలూ చదునుగా వంగుతాయి. రంధ్రాలు ధ్రువం నుంచి సుమారు 35–40 డిగ్రీల వరకు టోపీలా పరుచుకుంటాయి, ఆనోడ్ వైపు టోపీ కాస్త పెద్దది. ఈ చదును ఊహ కాదు. జపాన్‌లో కినోసితా బృందం సముద్రపు అర్చిన్ గుడ్లకు వోల్టేజీని చూపే రంగు పట్టించి మైక్రోస్కోప్ కింద దీన్ని చూసింది.

రంధ్రాల సంఖ్య ఎంత రావాలి? లోపలి వాహకతను వ్యాసార్థంతో భాగించి, ఒక్క రంధ్రం వాహకతతో మళ్లీ భాగించండి. చదరపు మైక్రోమీటరుకు సుమారు 170 వస్తుంది. వోల్టేజీకి కళ్లెం పడే చోట మీ సంఖ్య ఈ స్థాయిలో ఉండాలి. 2 గానీ 2 లక్షలు గానీ వస్తే యూనిట్లు చూడండి.

ఘ) పల్స్ ఆపేసి 20 సెకన్లు నడపండి. పొర వోల్టేజీ సున్నా దగ్గర ఉన్నంతసేపూ రంధ్రాలు 1.5 సెకన్ల కాలస్థిరాంకంతో తగ్గాలి. ఇది 1.5 × 10⁹ ని 10⁹ తో భాగించగా వచ్చినదే. నిజమైన కణాల పొర నిమిషాల తరబడి లీకవుతూ ఉండవచ్చు, ఈ మోడల్ దాన్ని చూపించదు. పల్స్ తర్వాత కణంలోకి మందు ఎంత వెళ్లిందన్న ప్రశ్నకు దీన్ని వాడకండి.

మెట్టు 7: అంకెలు నమ్మదగ్గవేనా?

బిందువులను 60 నుంచి 120 చేయండి, టాలరెన్స్‌ను పదో వంతు చేయండి. శిఖర వోల్టేజీ, మొత్తం రంధ్రాలు ఒక శాతానికి మించి మారకూడదు. రంధ్రాల టోపీ అంచు దగ్గర అలలు కనిపిస్తే బిందువులు చాలలేదని అర్థం.

ఆ తర్వాత 0.258 ని 5 శాతం అటూ ఇటూ జరిపి చూడండి. ఎంత క్షేత్రం దగ్గర రంధ్రాలు మొదలవుతాయన్నది దాదాపు అంతే శాతం జరుగుతుంది. కాబట్టి మీ ఫలితాన్ని మూడు దశాంశాలతో రాయకండి. కణాల సైజు తేడా కూడా ఇలాంటిదే: 5 మైక్రోమీటర్ల వ్యాసార్థం ఉన్న కణానికి రెట్టింపు క్షేత్రం కావాలి.

ఈ మోడల్ పనికిరాని చోట్లు

పల్స్ కొన్ని నానోసెకన్లే అయితే ఇది చాలదు. లోపలి ద్రవంలో ఛార్జ్ సర్దుకోవడానికే సుమారు 2 నానోసెకన్లు పడుతుంది, మనం దాన్ని తక్షణం అనుకున్నాం. ద్రవాల పర్మిటివిటీని చేర్చాలి. కణం గోళం కాకపోయినా, కణాలు ఒకదానికొకటి అతుక్కుని ఉన్నా ఫైనైట్ ఎలిమెంట్ దారే పట్టాలి, కానీ మొదట అక్కడ కూడా గోళంతో 1.5 రాబట్టాకే. రంధ్రాల సైజు పెరగడం కావాలంటే ఒక్కో రంధ్రపు వ్యాసార్థానికీ ఇంకో సమీకరణం చేర్చాలి.

ఒక్క రంధ్రం అసలు ఎలా పుడుతుందో, నీటి అణువులు కొవ్వు పొరలోకి ఎలా దూరతాయో చూడాలంటే గ్రోమాక్స్ లాంటి అణుస్థాయి సిమ్యులేషన్ కావాలి. అక్కడ ఎక్కువమంది చేసే తప్పు ఒకటుంది. పొర మీద 1 వోల్టు కావాలని దాన్ని పొర మందంతో భాగించి క్షేత్రంగా ఇస్తారు. భాగించాల్సింది పెట్టె ఎత్తుతో, పొరకు పైనా కిందా ఉన్న నీళ్లతో సహా. పెట్టె 8 నానోమీటర్ల ఎత్తుంటే నానోమీటరుకు 0.125 వోల్టులు ఇవ్వాలి. 5 నానోమీటర్లతో భాగించి 0.2 ఇస్తే మీ పొర మీద నిజంగా పడుతున్నది 1.6 వోల్టులు.